కంచుకోటలో పక్కింటావిడ

ఎన్నికలొచ్చాయంటే మన పత్రికలవాళ్ళు తప్పకుండా వాడే మాట ఒకటుంది. కంచుకోట. ఫలానా నియోజకవర్గం ఫలానా పార్టీకి కంచుకోట అని రాసేసి, ఆ ఊరి గురించి ఇంక తెలుసుకోవలసిందేమీ లేనట్టు పక్క వార్తలోకి వెళ్ళిపోతారు. నాకు మాత్రం ఆ మాట కనిపించినప్పుడల్లా మనసు కోటలోపల కాపురాలుండే వాళ్ళ మీదికి పోతుంది. అక్కడ కుళాయిలో నీళ్ళొస్తున్నాయా, బస్సు వేళకి వస్తోందా, పిల్లలకి బళ్ళో చోటు దొరుకుతోందా అని ఎవరైనా అడుగుతారా? గెలుపు ఖాయమైపోయిన చోట అడగవలసిన అవసరం ఎవరికుంటుంది?

అలాంటి కోట ఒకదాని చరిత్ర ఈమధ్య ఓపిగ్గా కూర్చుని చదివాను. మన దేశంలోది కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరం నడిబొడ్డుకి 30 కిలోమీటర్ల దూరాన, నైరుతి దిక్కున వున్న శివారు పేటల్ని కలిపి ఏర్పరచిన పార్లమెంటు స్థానం అది. పేరు ఫౌలర్. సిడ్నీ అనగానే మనకి కాలెండర్ మీద బొమ్మే గుర్తొస్తుంది. తెల్లటి తెరచాపల్లాంటి ఒపేరా హౌసు, నీలంగా సముద్రం, ఒడ్డున ఎండ కాచుకునే జనం. ఆ బొమ్మలో ఈ పేటలు వుండవు. కాబ్రమట్టా, కేన్లీ వేల్, బోనీరిగ్, వేక్లీ, ఎడెన్సర్ పార్క్, ఇంకా లివర్‌పూల్, ఫెయిర్‌ఫీల్డ్ పేటల్లో కొంత భాగం. ఫాక్టరీల్లో, గిడ్డంగుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళూ, లారీలు నడిపేవాళ్ళూ వుండే చోటు.

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ఒక ఆడమనిషి పేరు. లిలియన్ ఫౌలర్ 1886లో పుట్టింది. సిడ్నీలోనే న్యూటౌన్ అనే కూలీల పేటలో మునిసిపల్ కౌన్సిలుకి ఎన్నికై, 1930ల చివర ఆ పట్టణానికి మేయరయింది. ఆస్ట్రేలియా మొత్తానికి మొదటి మహిళా మేయరు ఆవిడే. ఆ దేశంలో ఆడవాళ్ళకి పార్లమెంటుకి వోటు వేసే హక్కూ, పోటీ చేసే హక్కూ 1902లోనే వచ్చాయి. కాని వాళ్ళలో ఒకరు నిజంగా పార్లమెంటు గడప దాటడానికి 1943 దాకా పట్టింది! హక్కు కాగితం మీద రావడానికీ, కుర్చీ దొరకడానికీ మధ్య నలభై యేళ్ళు. సరే, 1944లో లిలియన్ ఫౌలర్ రాష్ట్ర శాసనసభకి పోటీ చేసింది. న్యూటౌన్ లేబర్ పార్టీకి పెట్టనికోట. ఆవిడ కూడా లేబర్ మనిషే. అయితే పార్టీ చీలినప్పుడు చీలిక వర్గం వైపు నిలబడి, అధికార లేబర్ అభ్యర్థినే ఓడించింది. ఈ విషయం కాస్త గుర్తుంచుకోండి. 1984లో పార్లమెంటు స్థానాలు 125 నుంచి 148కి పెంచినప్పుడు కొత్తగా ఏర్పడిన వాటిలో ఒకదానికి ఆవిడ పేరు పెట్టారు.

ఆ స్థానం ఏర్పడక ముందే ఆ పేటలు లేబర్ పార్టీవి అయిపోయాయి. అలా ఎందుకయ్యాయో తెలియాలంటే ఒక ఇంటి కథ చెప్పుకోవాలి. గాఫ్ విట్లమ్ అనే యువ లాయరు 1952లో ఆ ప్రాంతం నుంచి పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. అప్పుడాయన కాపురం సముద్రం వొడ్డున క్రోనలా పేటలో. 1955లో నియోజకవర్గాల హద్దులు మార్చేసరికి ఆ సముద్రతీరం ఆయన స్థానంలోంచి బయటికి పోయింది. మరొకరైతే హద్దులు పోతే పోనీ, ఇల్లు మాత్రం సముద్రం వొడ్డునే వుండనీ అనుకునేవారు. ఆయన 1957లో పెళ్ళాం పిల్లలతో సహా కాబ్రమట్టాలో ఇల్లు కట్టుకుని అక్కడికి మారిపోయాడు.

వోటర్ల మధ్య కాపురం పెడితే ఏం తెలుస్తుందంటే, మొట్టమొదట మురుగు సంగతి తెలుస్తుంది. యుద్ధం తరవాత పొలాల్లో వీధులు గీసి ఇళ్ళయితే కట్టేశారు కాని, సిడ్నీ పడమటి శివార్లలో చాలా చోట్ల భూగర్భ డ్రైనేజీ లేదు. ఇంటిల్లిపాదీ వాడిన నీళ్ళు పెరట్లోనే ఇంకాలి. వానాకాలంలో ఆ పెరట్లో పిల్లల్ని ఆడించుకునే తల్లి అవస్థ మనకి వేరే చెప్పాలా! దేశ రాజకీయాల్లో పెద్దలెవరూ నోటికి రానివ్వని ఈ విషయాన్ని విట్లమ్ సభల్లో పదే పదే ఎత్తాడు. విదేశాంగ విధానం గురించి ఎంత గంభీరంగా మాట్లాడేవాడో, మురుగు గొట్టాల గురించీ అంత గంభీరంగానూ మాట్లాడేవాడు. 1972 డిసెంబరులో ప్రధానమంత్రి అయ్యాడు. గెలిచినరాత్రి సంబరం జరిగింది కాబ్రమట్టా ఇంటి పెరట్లోనే. మరుసటేడు శివార్ల డ్రైనేజీకి కేంద్రం డబ్బు ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టాడు. ఆయన భార్య మార్గరెట్ గురించి కూడా ఒక ముక్క. ప్రధానమంత్రి భార్యగా వుంటూనే ఒక మహిళా వారపత్రికలో తన డైరీ రాసేది. పెద్ద పెద్దవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నా మానలేదు. నాకావిడంటే అభిమానం, దాచుకోను.

1975లో విట్లమ్ ప్రభుత్వం పోయింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఎక్కడో వియత్నాంలో సైగాన్ పడిపోయింది. ఈ రెండో సంగతే కాబ్రమట్టా రూపురేఖలు మార్చేసింది.

కాబ్రమట్టాలోనూ, పక్కనున్న విల్లవుడ్‌లోనూ యుద్ధానంతరం యూరప్ నుంచి వచ్చినవాళ్ళని తాత్కాలికంగా వుంచడానికి కట్టిన వలస హాస్టళ్ళు వుండేవి. పడవల్లో ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన వియత్నాం వాళ్ళనీ, తరవాత కంబోడియా, లావోస్ వాళ్ళనీ అక్కడే దించారు. హాస్టల్లోంచి బయటపడినవాళ్ళు దూరం ఎక్కడికి పోతారు? అద్దె తక్కువ, తెలిసిన మొహం ఒకటుంది, పక్క వీధిలో ఫాక్టరీ వుంది. అక్కడే ఇల్లు చూసుకున్నారు. వాళ్ళకి ముందు ఇటలీ వాళ్ళు, క్రొయేషియా, సెర్బియా వాళ్ళు అలాగే చేశారు. వాళ్ళ తరవాత ఇరాక్ నుంచి అసీరియన్, కాల్డియన్ క్రైస్తవులు అలాగే చేశారు. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వం సిరియా, ఇరాక్‌ల నుంచి అదనంగా 12,000 మందిని తీసుకుంటామని ప్రకటిస్తే, అందులో పెద్ద వాటా ఒక్క ఫెయిర్‌ఫీల్డ్ పట్టణం మీదే పడింది. ఇప్పుడా వీధుల్లో బౌద్ధాలయం, చర్చి, వియత్నాం బేకరీ, బంగారం కొట్టు, అరబ్బీ బోర్డు పక్కపక్కనే.

ఇంగ్లీషు రాని ఆడవాళ్ళు వచ్చిన కొత్తలో ఏం పని చేసేవారని మీరడగవచ్చు. కుట్టుపని. ఫాక్టరీలో కాదు, ఇంట్లోనే, గారేజీలో ఒక మిషను వేసుకుని. కత్తిరించిన గుడ్డల మూటలు మధ్యవర్తి తెచ్చి పడేస్తాడు. చొక్కాకింత, స్కర్టుకింత అని లెక్క. గడువు రేపు పొద్దున్న. పెద్ద బజార్లో పేరున్న కొట్టు చీటీతో వేలాడే బట్ట ఈ గారేజీల్లోంచి వచ్చిందేనని 1995లో బట్టల కార్మికుల సంఘం ఒక నివేదికలో బయటపెడితేగాని దేశానికి తెలియలేదు. విచిత్రం చూడండి, విదేశీ బట్టల మీద సుంకాలు తగ్గించి ఫాక్టరీలు మూతపడడానికీ, పని గారేజీల్లోకి జారిపోవడానికీ దోవ చేసింది 1980లలోనూ 90లలోనూ వున్న లేబర్ ప్రభుత్వమే. అయినా ఆ గారేజీ వున్న వీధి లేబర్‌కే వోటు వేసింది. ఇంకెవరికి వేస్తుంది? అవతలి పార్టీ ఆ వీధికి వచ్చిందెప్పుడు గనక?

1984 నుంచి 2019 వరకు పదమూడు ఎన్నికలు జరిగాయి. పదమూడూ లేబరే. టెడ్ గ్రేస్, జూలియా ఇర్విన్, క్రిస్ హేస్ అని ముప్ఫై ఎనిమిదేళ్ళలో ముగ్గురే మెంబర్లు. ముగ్గురిలో ఎవరూ మంత్రి కాలేదు. ఆఖరిసారి 2019లో నూటికి 64 వోట్లు వచ్చాయి. అలాగని అక్కడివాళ్ళు పార్టీ ఏమనుకుంటే అదే అనుకునే మనుషులు కారు. 2017లో స్వలింగ వివాహాల మీద దేశమంతా తపాలా వోటు తీసుకున్నారు. లేబర్ పార్టీ నాయకులు కావాలన్నారు, దేశంలో నూటికి 61 మందికి పైగా కావాలన్నారు. ఫౌలర్‌లో నూటికి 64 మంది వద్దన్నారు! మంచా చెడా అన్నది అలా వుంచండి. ఇంట్లో వాళ్ళ ఆలోచన ఒకటి, ఇంటి మీద ఎగిరే జెండా ఒకటి అయి చాలాకాలమయిందని ఆ అంకె చెబుతూనే వుంది. వినవలసినవాళ్ళు వినలేదు.

అసలు విననితనం అంతకు ముందు నుంచీ వుంది. కాబ్రమట్టా రాష్ట్ర శాసనసభ్యుడు జాన్ న్యూమన్ మాదకద్రవ్యాల ముఠాల మీద గొంతెత్తిన మనిషి. 1994 సెప్టెంబరులో ఆయన్ని ఇంటి ముందే కాల్చి చంపారు. అప్పట్లో కాబ్రమట్టా స్టేషను చుట్టుపక్కల హెరాయిన్ బాహాటంగా అమ్మేవారు. స్థానిక రాజకీయాల్లోనే వున్న ఒక క్లబ్బు పెద్దమనిషికి 2001లో శిక్ష పడింది. అంత గాయపడిన ఊరికి తరవాత పార్టీ పంపిన అభ్యర్థిని ఆ ఊరి మనిషి కాదు. గెలిచాక కూడా అవతలి సముద్రతీర పేటలోనే కాపురం వుంటోందని చాలాకాలం విమర్శలొచ్చాయి. 2008లో ఆవిడ రాజీనామా చేస్తే వచ్చిన ఉప ఎన్నికలో లిబరల్ పార్టీ తరఫున ఒక వియత్నాం ఆవిడ నిలబడింది. ఓడిపోయింది, కాని 20 శాతానికి పైగా వోట్లు లేబర్ నుంచి ఇటు తిరిగాయి. ఆవిడ పేరు డై లే.

డై లే 1968లో సైగాన్‌లో పుట్టింది. నగరం పడిపోయినప్పుడు తల్లి ముగ్గురు ఆడపిల్లల్ని వెంటపెట్టుకుని బయటపడింది. ఫిలిప్పీన్స్‌లో శిబిరం, తరవాత హాంకాంగ్‌లో శిబిరం. 1979లో ఆస్ట్రేలియా చేరారు. డై లే చదువుకుని ప్రభుత్వ రేడియోలో జర్నలిస్టయింది. 2008లో ఓడింది, 2011లో మళ్ళీ ఓడింది, 2012లో ఫెయిర్‌ఫీల్డ్ కౌన్సిలుకి గెలిచింది. 2014లో రొమ్ము కాన్సరని తేలితే వైద్యం చేయించుకుని లేచింది. లేబర్ నుంచి బయటికొచ్చిన మేయరు ఫ్రాంక్ కార్బోన్‌తో కలిసి పోటీ చేసినందుకు 2016లో లిబరల్ పార్టీ సస్పెండ్ చేసింది. అంటే అక్కడ మేయరూ, ఆవిడా రెండు పెద్దిళ్ళలోంచి బయటికి వచ్చినవాళ్ళే. చెత్త బండి రాలేదన్నా, రోడ్డు బాగాలేదన్నా జనం వెళ్ళేది వాళ్ళ దగ్గరికి.

ఇక 2021. కరోనా. ఆ జులైలో సిడ్నీ అంతా తాళం వేశారు గాని, తాళాలన్నీ ఒక్కలాంటివి కావు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద పని చేసుకునే పేటలకి ఒక రకం, గిడ్డంగికి వెళ్ళకపోతే జీతం రాని పేటలకి ఇంకో రకం. ఫెయిర్‌ఫీల్డ్ నుంచి బయటికి పనికి వెళ్ళేవాళ్ళు మూడు రోజులకోసారి పరీక్ష చేయించుకోవాలన్నారు. అర్ధరాత్రి దాకా కార్ల బారులు. ఆగస్టులో పోలీసులకి తోడు సైనికుల్ని ఆ వీధుల్లోకి పంపారు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున అయిదు దాకా కర్ఫ్యూ. ఒకప్పుడు సైనికుల్ని చూసి దేశం విడిచి వచ్చిన ముసలివాళ్ళు కిటికీ తెర తీస్తే మళ్ళీ సైనికులు! అదే రోజుల్లో బాండై సముద్రతీరాన జనం ఎండలో నడుస్తున్న ఫొటోలు పేపర్లలో వచ్చాయి. ఈ నిర్ణయాలు చేసింది రాష్ట్రంలోని లిబరల్ ప్రభుత్వం. ఆ కోపమంతా లేబర్‌కి వోట్లై రాలవలసింది.

సరిగ్గా అప్పుడే, ఆ సెప్టెంబరులో, లేబర్ పార్టీ ఫౌలర్ అభ్యర్థిని తేల్చింది. క్రిస్ హేస్ విరమించుకుంటూ తన స్థానానికి టు లే అనే యువ లాయరు పేరు చెప్పాడు. వియత్నాం శరణార్థుల కూతురు, అక్కడి కార్మికుల తరఫున పనిచేసిన పిల్ల. పార్టీ వినలేదు. పైసభలో సీటు సర్దుబాటు కుదరక ఇబ్బందిలో వున్న క్రిస్టినా కెనీలీకి ఫౌలర్ ఇచ్చేసింది. కెనీలీ తక్కువ మనిషేం కాదు. అమెరికాలో పుట్టి వచ్చి, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి మొదటి మహిళా ప్రీమియరయిన సమర్థురాలు. కాని ఆవిడ కాపురం సిడ్నీకి ఉత్తరపు చివర, స్కాట్లండ్ ఐలండ్ అనే చిన్న దీవిలో. ఇంటికి వెళ్ళాలంటే పడవ ఎక్కాలి! ఎన్నికల ముందు లివర్‌పూల్‌లో ఇల్లు అద్దెకు తీసుకుందనుకోండి. పెళ్ళిచూపులకి అరువు నగ పెట్టుకున్నట్టు ఎవరి కంటికైనా ఆనుతుంది కదా. విట్లమ్ కూడా సముద్రం వొడ్డు నుంచే వచ్చాడు. కాకపోతే ఆయన సామాను సర్దుకుని వచ్చాడు, పిల్లల్ని తెచ్చాడు, ఉండిపోయాడు.

డై లే ఇండిపెండెంటుగా నిలబడింది. వెనకాల మేయరు కార్బోన్, కౌన్సిలు కార్యకర్తలు.

ఇక్కడ వాళ్ళ వోటు పద్ధతి కాస్త చెప్పాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు. ఆస్ట్రేలియాలో 1924 నాటి చట్టం ప్రకారం అందరూ వోటు వేసి తీరాలి, ఎగ్గొడితే జరిమానా. వోటంటే ఒక పేరు మీద ముద్ర గుద్దడం కాదు. కాగితం మీదున్న అందరికీ 1, 2, 3 అని వరసగా అంకెలు వెయ్యాలి. మన ఇంట్లో పిల్లాణ్ణి ఇవాళ ఏం కూర వండమంటావురా అంటే, వంకాయ, అది లేకపోతే బెండకాయ, అదీ లేకపోతే పప్పు అంటాడు చూడండి, అలాగ. సగానికి పైగా ఎవరికీ రాకపోతే అన్నిటికంటే తక్కువ వచ్చినవాళ్ళని తీసేసి, వాళ్ళ కాగితాలని రెండో అంకె వున్నవాళ్ళకి పంచుతారు. ఒక్క అంకె తప్పినా ఆ కాగితం చెత్తబుట్టలోకే. వాళ్ళ రాష్ట్ర ఎన్నికల్లో ఒక్క అంకె వేస్తే చాలు, దేశం ఎన్నికల్లో అన్నీ వెయ్యాలి. ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చినవాళ్ళకి ఇదెంత తికమక! 2022లో ఫౌలర్‌లో నూటికి పది కాగితాలు పైగా చెల్లలేదు. లైన్లో నిలబడి, వోటేసి, లెక్కలోకి రాకుండా ఇంటికి పోయిన ఆ పదిమంది గురించి ఎవరూ పెద్దగా రాయరు.

2022 మే 21న లెక్క పెడితే కెనీలీకి మొదటి అంకె వోట్లు నూటికి 36, డై లేకి 29 పైచిలుకు, లిబరల్‌కి 17. మామూలు లెక్క అయితే కెనీలీ గెలిచినట్టే. కాని లిబరల్‌కి వేసినవాళ్ళూ, మిగతా చిన్న చితకా వాళ్ళకి వేసినవాళ్ళూ రెండో అంకె, మూడో అంకె డై లేకి వేసుకుంటూ పోయారు. చివరికి డై లే 51.6, కెనీలీ 48.4. దేశమంతటా లేబర్ గెలిచి ప్రభుత్వం ఏర్పరచిన రోజునే పార్టీ ఈ కోటని పోగొట్టుకుంది.

ఇంకో తమాషా వుంది. ఆ రోజునే కొత్తగా ఆరుగురు ఆడవాళ్ళు ఇండిపెండెంట్లుగా సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్ నగరాల ధనికుల పేటల్లో లిబరల్ పార్టీ కంచుకోటల్ని గెలిచారు. అందులో ఒకటి మెకెల్లర్. స్కాట్లండ్ ఐలండ్ వుండేది అందులోనే. కెనీలీ ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడా, ఎక్కడికి వచ్చిందో ఇక్కడా, ఒక్క రోజునే రెండు కోటలూ అక్కడ మసిలే ఆడవాళ్ళ చేతికి పోయాయి. పత్రికలు మాత్రం ఆ ఆరుగురి గురించీ పేజీలకి పేజీలు రాసి, డై లేకి ఒక పేరా ఇచ్చాయి. ధనికుల పేటల్లో కోట కూలితే అది ఉద్యమం, కూలీల పేటలో కూలితే పార్టీ చేసిన పొరపాటు! నాకు ఆ తేడా నచ్చలేదు. అక్కడ గారేజీల్లో చొక్కాలు కుట్టిన తల్లుల పిల్లలు కూడా ఆలోచించే అంకెలు వేశారు.

ఆ సెప్టెంబరులో డై లే పార్లమెంటులో మొదటి ప్రసంగం చెయ్యడానికి లేచింది. వొంటి మీద వియత్నాం ఆడవాళ్ళ పొడుగాటి అంగీ, ఆవ్ జాయ్. దాని మీద అడ్డంగా ఆస్ట్రేలియా జెండా అచ్చు. కొందరు బావుందన్నారు, కొందరు మరీ ఆర్భాటం అన్నారు. ఫొటో చూశాను. మన కళ్ళకి కాస్త ముదురు రంగే. అయినా తల్లి వెంట పడవ ఎక్కి వచ్చిన పిల్ల, తనకి నచ్చిన బట్ట కట్టుకుని సభలో నిలబడితే రంగు గురించి నేనేం మాట్లాడను?

2025 మే నెలలో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి లేబర్ పార్టీ నాలుగేళ్ళ క్రితం పక్కన పెట్టిన టు లేనే అభ్యర్థినిగా నిలబెట్టింది. దేశంలో పార్టీకి గాలి బ్రహ్మాండంగా వుంది, ఎక్కడెక్కడి సీట్లో వచ్చి పడ్డాయి. ఫౌలర్‌లో ఇద్దరు లేలు, ఇద్దరూ శరణార్థుల ఇళ్ళ ఆడపిల్లలే, చుట్టాలు కారు, కాబ్రమట్టా వీధుల్లో ఇంటింటికీ తిరిగి తలుపు తట్టారు. డై లే నెగ్గింది, పెద్ద మెజారిటీతో ఏం కాదు. ఇప్పుడా స్థానాన్ని కంచుకోట అని ఎవరూ రాయడం లేదు. అటూ ఇటూ అయ్యే సీట్ల జాబితాలో చేరింది కనక అభ్యర్థులు ఆ వీధుల్లోకి స్వయంగా వస్తున్నారు, తలుపు తీసినావిణ్ణి బస్సు వేళకి వస్తోందా అని అడుగుతున్నారు.